స్నానాల గది తలుపులు

అన్నయ్యకు నమస్కారాలు.

నీ ఫోను పలకడం లేదు. అందుకే వదినతో ఈ ఉత్తరం పంపుతున్నాను. వృద్ధాశ్రమం స్నానాల గదులకు ద్వారబంధాలు ఇప్పుడే బిగించకు.

కంప్యూటర్‌లో తలుపు బొమ్మ ఒకసారి గీసి బ్లాకుగా దాచుకుంటే, కావలసిన చోటల్లా పెట్టుకోవచ్చు. ఇంజనీరు గారి ఆఫీసులో ఈ ప్లాన్లు గీసే పని ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. నిన్న సామాన్ల గది తలుపొక్కటే లోపలికి తెరుచుకునేలా మార్చబోయి, ఆ బ్లాకునే మార్చేశాను. దాంతో స్నానాల గదుల తలుపులన్నీ లోపలికి తిరిగాయి. నీకొచ్చింది ఆ ప్రింటే.

"తలుపు ఎటు తెరుచుకుంటే ఏంటమ్మా, ఇప్పుడు సైటు ఆపలేం" అన్నారు ఇంజనీరు గారు.

నువ్వు మాత్రం బయటికి తెరుచుకునేలాగే పెట్టు. ఆయన అడిగితే చెల్లెలు చెప్పిందను. దేవుడి దయ వల్ల నువ్వు మేకు కొట్టేలోపే ఇది చేరాలి.

అమ్మ లోపల తలుపుకు అడ్డంగా పడిపోయిన రోజు, గొడ్డలి పట్టుకున్నది నువ్వే కదా.

నీ చెల్లెలు