చింతపిక్కల పద్యం

మండవల్లి,
4-9-1934

ప్రియమైన నిత్యానందానికి,

మొన్న మా గంగాభవాని పోయింది. తొమ్మిది రోజుల జ్వరం. ఏలూరు డాక్టరు పడవ దిగేసరికే అంతా అయిపోయింది. పదకొండేళ్ళ పిల్లరా!

పన్నెండోనాడు భోజనాలు పెట్టి, దాని మీద పద్యాలు అచ్చువేయించి పంచాలనుంది. "ఆడపిల్లకి పద్యాలేంటండీ" అని మావాళ్ళు ముఖం చిట్లిస్తున్నారు. ఎందరికో చరమపద్యాలు రాశావు. దీనికీ రాసిపెట్టు. దాని పేరున మిగిలేది ఆ కాగితం ఒక్కటే.

నీ
పాండురంగారావు

ఏలూరు,
7-9-1934

ప్రియమైన రంగా,

నీ ఉత్తరం చూసి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఒంట్లో బాగాలేక రాలేకపోతున్నాను. ఐదు పద్యాలు పంపుతున్నాను. మూడోదాంట్లో అక్షరం కూడా మార్చకు. చెల్లెమ్మను జాగ్రత్తగా చూసుకో.

నీ
నిత్యానందం

మండవల్లి,
15-9-1934

నిత్యానందం గారికి,

నిద్రలో కూడా గుప్పిట్లో చింతపిక్కలు వదలని పిల్ల అన్న మూడో పద్యం విని మా ఇంటావిడ గుమ్మంలోనే కూలబడింది. గంగ పక్క కింద నిజంగానే చింతపిక్కలు దొరికాయి. వీడికెలా తెలిసిందా అని ఆశ్చర్యపోయాను.

మొన్న పన్నెండోనాటి భోజనాల దగ్గర, తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన బంగార్రాజు ఆ కాగితం చూశాడు. "ఇయ్యి పోయినేడు మా అమ్మగారికని రాసిచ్చినయ్యేనండీ. డెబ్బయ్యేళ్ళావిడకి చింతపిక్కలేంటని తిప్పి పంపేశాం" అన్నాడు. పంక్తిలో అందరూ విన్నారు.

వాళ్ళు వద్దన్నవాటిని పేరు మార్చి నా బిడ్డకి అంటగట్టారా? ఇక నాకు ఉత్తరాలు రాయకండి.

పాండురంగారావు

ఏలూరు,
19-9-1934

ప్రియమైన రంగా,

వద్దన్నా రాస్తున్నాను. చదివాకే చింపెయ్యి.

బంగార్రాజు చెప్పింది నిజం. ఆయనకంటే ముందు ఇంకో ఆరుగురికి కూడా అవే ఇచ్చాను. కానీ అసలు అవి మా పిల్ల నరసమ్మ కలరాతో పోయినప్పుడు రాసుకున్నవి. చింతపిక్కలు దానివి. ఆడపిల్లకెందుకని మా నాన్నగారు అచ్చువేయనివ్వలేదు. పెట్టెలో పడెయ్యలేకపోయాను. ఎవరి పేరునైనా సరే, నా పిల్ల మాట నలుగురి నోటా పడుతుందని, అడిగినవాళ్ళకల్లా ఒక మాట తీసి, ఒక మాట పెట్టి ఇస్తూ వచ్చాను. చింతపిక్కలు మాత్రం ఎవరు తిట్టినా తియ్యలేదు. గంగ కోసం ఒక్క ముక్క కొత్తగా రాయలేదు. అది నా తప్పే. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నీ ఉత్తరం అందాక, మళ్ళీ నరసమ్మ పేరు పెట్టి మొదట ఉన్నట్టే రాద్దామని కూర్చున్నాను. అప్పుడు రాసుకున్న కాగితం ఇన్నాళ్ళ కొట్టివేతలతో నల్లబడిపోయింది. మూడోది తప్ప మిగతా నాలుగింటిలో మొదట ఏం రాశానో ఒక్క పాదం గుర్తు రాలేదు.

మా ఆవిణ్ణి అడిగాను. "నాకెప్పుడు చదివి వినిపించారండీ?" అంది.

నీ
నిత్యానందం