గుడ్డ చుట్టిన చెక్కలు

లింగాల,
శివరాత్రి పోయిన బేస్తవారం.

మనవరాలు సింధూకు, తాత ఓబులేసు దీవించి తన చేత్తో రాసేది ఏమనగా,

ముందు మేమంతా బాగుండామని రాసి, ఆ తర్వాతే మిగతాది రాయాలంట. మీ అవ్వ పక్కన కూచ్చోని చెప్తాంది. బాగుండే సంగతి యాడికీ పోదు, తర్వాత రాస్తా. నువ్వు పోయిన జాబులో ఒక మాట అడిగితివి, "తాతా, గోడకు తగిలిచ్చిన ఆ జత చెక్కలు నువ్వు ఎందుకు ముట్టవు, వాటికి ఆ గుడ్డ పేలికలు ఏంది" అని. ఇన్నేండ్లకు ఆ మాట ఒకరు అడిగినారు. చెప్తా. నీకు కోపం వచ్చినా సరే.

అది మీ నాయన చేసిన పని.

ప్రొద్దుటూర్లో మీ కొత్త ఇంటి గృహప్రవేశం దినం. నువ్వు అప్పుడు పావడ కట్టుకోని తిరుగుతాంటివి. మన చెక్కభజన జట్టునంతా నేనే బస్సెక్కిచ్చుకోని వస్తి. పంచెలు ఎగ్గట్టి, గజ్జెలు కట్టి, వాకిట్లో నిలబడితిమి. కమాల్ బాషా డోలు మీద చెయ్యి ఏసినాడో లేదో, వీడియో తీసే ఆయన అడ్డమొచ్చి, "పెద్దాయనా, సౌండు వద్దు, ఊరికే ఆడండి. పాట మేము తర్వాత ఎక్కిస్తాం" అన్న్యాడు. చేతిలో చెక్కలుంటే మోగకుండా ఎట్లుంటాయప్పా అంటి. మీ నాయన లోపలికి పోయి పాత పంచె ఒకటి చించుకొచ్చి, "మామా, ఒక్క పాటకే" అంటా, చెక్కల్లోని ఇత్తడి బిళ్లలకు తన చేత్తోనే గుడ్డ చుట్టినాడు. అల్లుడు గదా, చెయ్యి ఎనక్కి తీసుకోల్యాకపోతి.

చెక్క చెప్పినట్ల కాలు ఇంటాది పాపా. అది నీకు నేను చెప్పేదేముంది. దెబ్బ చెవిన పడకపోతే పక్కోని కాలు యాడుండాదో తెలీదు. తలా ఒక దిక్కుకు పోతిమి. నేను మనోళ్ల కాళ్లకే తట్టుకోని ముగ్గులో పడితి. అందరూ నవ్విరి. నేను పడింది కత్తిరిచ్చి, యాడిదో సినిమా పాట ఎక్కిచ్చి, మీ నాయన ఆ వీడియో బజారంతా చూపిచ్చినాడు. శానా బాగొచ్చిందన్న్యారంట అందరూ. ఆ జతను ఇంటికి తెచ్చి మేకుకు తగిలిస్తి. గుడ్డ విప్పల్యా. చూసినప్పుడల్లా మండాలని అట్లే పెట్టినా. నీకు నేర్పిందంతా వేరే జతతోనే.

ఇప్పుడు బాగుండే సంగతి. మేము బాగుండాము. మీ అవ్వకు దగ్గు తగ్గింది, మాటలు తగ్గల్యా. చీనీ చెట్లకు బోరు నీళ్లు ఇంకా అందుతాండాయి. కమాల్ బాషా కొడుకు ఇమ్రాన్ కువైట్ నుంచి వచ్చి పోయినాడు. వాళ్ల నాయన డోలుకు కొత్త తోలు ఏపిచ్చినాడు. ఆ డోలు ఇప్పుడు మా వీధిలో ఎవుర్నీ నిద్రపోనీదు.

ఫోన్ చేస్తే అయిపోయేదానికి జాబులెందుకు తాతా అంటివి. ఫోన్లో నీతో మాట్లాడితే నీ ఎనకాల మీ నాయన గొంతు గూడా వస్తాది, "నవ్వుతా మాట్లాడు, వీడియో ఆన్‌లో ఉంది" అని. జాబులో నువ్వొక్కదానివే ఉంటావు. నా రాత కోడి కెలికినట్లుందని మీ అవ్వ నవ్వుతాంది. నవ్వనీ.

మీ నాయన చెడ్డోడని నేను అనడం ల్యా. నాకు మోకాలు వాస్తే కార్లో కడపకు తీస్కపోయి, పొద్దంతా డాక్టరు గది ముందర కూచ్చున్న్యాడు. నా చెప్పులు గూడా ఆయనే తెచ్చి కాళ్లకాడ పెట్టినాడు. ఆ తర్వాత అదే చెప్పులతో నన్ను నిలబెట్టి ఫోటో గూడా దిగినాడు. ఆయనకు చేసిందీ చూపిచ్చిందీ రెండూ ఒకటే. మనసులో ఇంకోటి లేదు.

నీ జాబులో ఇంకో సంగతి రాసినావు. మీ అవ్వతో రెండుసార్లు సదివిచ్చుకున్న్యా. "తాతా, మేము ఎట్ల ఆడతాండామో ఎవురూ చూడరు. చీరె రంగు చూస్తారు, నవ్వినామా లేదా చూస్తారు. నేను కొత్త అడుగు కట్టి చూపిస్తే, ఫోన్లో కాళ్లు రావులే, తలెత్తు అంటారు. జట్టులో పిల్లోళ్లంతా అద్దం ముందర మొగం నేర్చుకుంటాండారు. నాది పనికిరాని పనేమో, మానుకుందామా అనిపిస్తాంది" అని.

మా కాలంలో ఫోన్లు ల్యాకపోయినా అట్లాంటోళ్లు లేకపోల్యా. జమ్మలమడుగు తిరనాళ్లలో ఒకసారి పందెం పెట్టిరి. యాడి నుంచో ఒక జట్టు సిల్కు జుబ్బాలు ఏసుకోని వచ్చె. మావి ఉతికిన పంచెలు. నేను ఆ ఏడు ఎండాకాలమంతా శెనక్కాయ కళ్లంలో తిరుగుతా కట్టుకున్న అడుగు తీస్తి. పతకం వాళ్లకిచ్చిరి. నేను అలిగి బస్సు గూడా ఎక్కకుండా పులివెందుల దావ పట్టి నడిస్తి. కమాల్ బాషా డోలు భుజానేసుకోని నా ఎనకాలే నడిచి, "అన్నా, నీకు కోపం, నాకు కాళ్లనొప్పులు" అని దావంతా తిట్టినాడు. ఇప్పుడు చెప్తా ఇను. వాళ్ల జుబ్బాలు చిలకపచ్చ. అది నాకు ఇంకా గుర్తుండాది. వాళ్ల అడుగు ఒకటీ గుర్తుల్యా. నా అడుగు మాత్రం చీనీ తోటలకు కూలికి పోయే ఆడోళ్లు గూడా ఏస్తారు. అది ఎవురు కట్టిందో వాళ్లకు తెలీదు. తెలియకపోతే ఏం?

మీ నాయన చెప్పమన్న్యాడని ఇంకోటి రాసినావు. శ్రీరామనవమి దినం జమ్మలమడుగులో కొత్త కల్యాణమండపం తెరుస్తారని, మీ జట్టు ఆడతాదని, పాటలన్నీ స్పీకరు పెట్టెలోంచే వస్తాయని, నన్ను పట్టుపంచె కట్టుకోని స్టేజి మీద సోఫాలో కూచ్చోమని. ఎనకాల నా మొగం అంత పెద్దది అచ్చేసి "గురువు" అని రాపిస్తాడంట. చేతిలో చెక్కలు ఉత్తగా పట్టుకోని, నోరెత్తకుండా నేను గురువు మాదిరి కూచ్చోవాల. దానికి జవాబు కింద రాస్తా. అంతకుముందు నీకు ఒక సంగతి చెప్పాల. మీ అవ్వకు గూడా ఇది రాసేటప్పుడే తెలుస్తాంది.

పోయిన నెల ప్రొద్దుటూర్లో ఎవురిదో బంగారంగడి తెరిచేటప్పుడు మీ నాయన మీ జట్టు చేత ఆడిచ్చె గదా. నేను వచ్చినా. మీ అవ్వకు కండ్ల డాక్టరు కాడికని చెప్పి, కమాల్ బాషాను ఎంటబెట్టుకోని పొద్దున బస్సుకు వచ్చినా. ఎదురుగా టీ అంగడి కాడ, ఆటోల ఎనకాల నిలబడితిమి. మంచి మనసుతో రాల్యా పాపా. నీ ఆట ఎంత చెడిపోయిందో కండ్లారా చూసి, చెక్కలు కింద పెట్టెయ్యమని నీకు చెప్పాలని వచ్చినా. ఏమేం అనాలో బస్సులోనే మాటలు కట్టుకున్న్యా.

పెట్టె గట్టిగా అరుస్తాంది. మీరంతా ఒకే రంగు చీరెల్లో పైకి చూసి నవ్వుతా చేతులు ఆడిస్తాండారు. "చూసినావా" అంటి కమాల్ బాషాతో. ఎవురి కాలో తగిలి పెట్టె వైరు ఊడిపోయె. పాట నిల్చిపోయె. నీ పక్క పిల్లోళ్లు యాడోళ్లు ఆడ్నే నిలబడి తాళం ఎతుక్కుంటాండారు. మీ నాయన చేతులెత్తి, "ఆగండి, ఆగండి, నవ్వు మాత్రం ఆపొద్దు" అని అరుస్తాండాడు.

నువ్వు ఆగల్యా. నేల దిక్కు చూస్తా చెక్కలు మోగిస్తివి. అవి అప్పటిదాకా నీ చేతుల్లో ఉండాయని గూడా ఎవురికీ తెలీదు. ముందు నా అడుగే ఏస్తివి. ఆ తర్వాత రెండు దెబ్బలు కొట్టి మూడోది కొట్టకుండా ఇడిసినావు. ఆ ఇడిసిన కాడ ఎడమ కాలు ఎనక్కి పోయి, ఒక్క గజ్జె మాత్రం మోగింది. మళ్లీ రెండు దెబ్బలు. మళ్లీ ఖాళీ, మళ్లీ గజ్జె.

కమాల్ బాషా టీ గ్లాసు పక్కన పెట్టి, చేత్తో తొడ మీద తాళం ఏస్తా అడిగినాడు.

"ఓబులేసన్నా, ఇది నువ్వు నేర్పింది కాదు గదా?"

"కాదు."

"మరి యాడిది?"

"నాకేం తెలుసు."

"నీ మొగమెందుకు అట్లుంది?"

"ఎండ" అంటి.

"నీడలో నిలబడినామన్నా" అన్న్యాడు.

అంతలో వైరు పెట్టిరి. పాట మళ్లీ వచ్చె, నువ్వూ తలెత్తి నవ్వితివి. ఒక్కరు గూడా నీ కాళ్లు ఫోన్లో పట్టుకోల్యా, అందరూ పెట్టె దిక్కే చూస్తాండారు. నేను నీకు కనపడకుండా బస్సెక్కి వచ్చేస్తి. దగ్గరికొచ్చి బాగుందని ఒక మాట అని ఉంటే నువ్వు ఆ జాబు అట్ల రాసేదానివి కాదు. చెప్పల్యాకపోతి. గురువునని గర్వం అడ్డమొచ్చె. ఇంతకుమించి దాని గురించి రాయను.

ఆ దినం నుంచి ఆ అడుగు కోసం తంటాలు పడతాండా. ఇంట్లో ఎవురూ లేనప్పుడు ఏసి చూస్తే మోకాలు ఎనక్కి పోదు. ఖాళీ కాడ చెయ్యి ఆగదు, అలవాటు కొద్దీ కొట్టేస్తాది. కొట్టకుండా ఇడిసేదానికి ఇంత బలం కావాలని నాకు ఇన్నేండ్లు తెలీదు. నేర్పే జత చేతికి అందకపోతే మేకున ఉండేది తీసినా. పేలికలుంటే దెబ్బ ఇనపడదు, ఖాళీ యాడ పడిందో తెలీదు. విప్పి పారేసినా. విప్పినానని గూడా నాకు తోచల్యా, మీ అవ్వ వాకిట్లోకి వచ్చి, "అవి మోగుతాండాయే" అనిందాకా.

ఇప్పుడు ఇను. మీ నాయనతో కొట్లాడొద్దు, ఇల్లిడిసి రావద్దు. వాళ్లు కట్టుకోమన్న చీరె కట్టుకో, నవ్వమంటే నవ్వు. అడుగు మాత్రం వాళ్లను అడిగి కట్టొద్దు, వాళ్లు మెచ్చల్యాదని మానొద్దు. వాళ్లు చూసేది వాళ్లకియ్యి.

జమ్మలమడుగుకు నేను వస్తా. సోఫాలో కూచ్చోను. పట్టుపంచె కట్టను, నా మొగం అచ్చెయ్యొద్దు. ఒక్క పాటకు ఆ పెట్టె ఆపాల. వైరు ఊడి కాదు, నువ్వే మీ నాయన ఎదుట నిలబడి ఆపమని అడిగి ఆపాల. కమాల్ బాషా డోలు కొడతాడు. నువ్వు ముందర నిలబడు, నీ అడుగు ఎయ్యి. ఇంతవరకూ నేను ఎవురి ఎనకాలా ఆడల్యా, లింగాలంతా ఎరుగు. ఆ దినం నీ ఎనక వరసలో నిలబడతా. తప్పు ఏస్తే అందరి ముందర తిట్టు. ముందు నిలబడేవాళ్ల గజ్జెలు, మా గురువు నాకు కట్టినవి, ఆడ్నే స్టేజి మీద నా చేత్తో నీ కాలికి కడతా.

అడగల్యాకపోతే అడగల్యానని రాయి, నేను తప్పు పట్టను. కానీ అప్పుడు నేను రాను, గజ్జెలు ఈడ్నే ఉంటాయి. ఆలోచిస్తానని మాత్రం రాయొద్దు. ఆ అడుగు నీదా, కాదా? నీదైతే అడుగుతావా, అడగవా? ఉగాది పొద్దుటికి నీ చేతి రాతతో జవాబు నా ఇంట్లో ఉండాల.

ఇట్లు,
ఎనక వరసలో నిలబడేదానికి మోకాలికి నూనె రాసుకుంటా ఉండే
నీ తాత,
ఓబులేసు.