మూడో ఊరు

వదినగారికి,

మిమ్మల్ని ఒక మాట అడగాలని రాస్తున్నాను.

పరాయి దేశంలో నాలుగు ఊళ్ళు తిప్పి చూపిస్తానని మీ తమ్ముడంటే, మురిసిపోయి మీకు ఫోన్ చేశాను కదా. నిన్న ఇద్దరం ట్రావెల్ ఆఫీసుకి వెళ్ళాం. మూడో ఊళ్ళో హోటల్‌వాళ్ళ మాట అర్థం కాక ఆ ఆఫీసులో అమ్మాయి ఫోన్‌లో తంటాలు పడుతుంటే, ఈయన ఫోన్ అందుకుని వాళ్ళ భాషలో గడగడా మాట్లాడేశారు. పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు!

ఇంటికొచ్చి నిలదీశాను.

"మన పెళ్ళికి ముందు ఆ మూడో ఊళ్ళో ఓడలకి రంగులేసేవాణ్ణి. అక్కడే ఒకామెను పెళ్ళి చేసుకున్నాను. కాన్పులో పోయింది. కూతురు అమ్మమ్మ దగ్గరే పెరిగింది, ఇప్పుడూ ఆ ఊళ్ళోనే ఉంది" అన్నారు.

"ఇన్నాళ్ళూ చెప్పరేం?"

"నువ్వు వెళ్ళిపోతావని భయం. అక్కడికి తీసుకెళ్ళాక చెబుదామనుకున్నా."

ఊళ్ళు చూపిస్తానని చెప్పి కూతుర్ని చూపించబోయారన్నమాట! ఇంతకాలం ఎవరితో కాపురం చేశానో తెలియడం లేదు. పెళ్ళి మాటలప్పుడు "మావాడు ఊరు దాటి ఎరగడు" అన్నది మీరే కదా వదినా? తెలిసే అన్నారా? నిజం రాయండి.

ఆయనతో మాటలు మానేశాను. కానీ ఆ పిల్ల తల్లి లేకుండా పెరిగిందన్న మాట మనసులోంచి పోవడం లేదు. పొద్దున నేనొక్కదాన్నే ఆ ఆఫీసుకి వెళ్ళి, మిగతా ఊళ్ళన్నీ కొట్టేయించి, నేరుగా మూడో ఊరికే ఇద్దరికీ టికెట్లు తీసుకొచ్చాను.

మీ మరదలు