పుప్పాలగూడ బిల్డింగు మీద నీ అంగి

నేనైతే తియ్యను నాయినా. నిన్న మాదాపూర్ ఆఫీసు మేడమ్ నా పటం చూసి, "అంతా బాగుందండి. పైన ఆ దిష్టిబొమ్మ తీసేస్తే మా గోడకు పెట్టుకుంటాం. బిల్డింగ్ పూర్తయ్యాక అదెందుకండి?" అన్నది.

సిమెంటు సంచి కాగితం, కట్టేటప్పుడు బిల్డింగు చుట్టూ కట్టే పచ్చజాలి ముక్కలు అతికించి, నువ్వు మేస్త్రీగా చేసిన పుప్పాలగూడ బిల్డింగే పటంల చేసిన. దిష్టిబొమ్మకు, నువ్వు తొడిగినట్టే, నీ గళ్ల అంగి ముక్క తొడిగిన.

ఆమె అన్నది నిజమే. ఏ బిల్డింగుకైనా పని ఒడిసిన రోజు నువ్వే పైకెక్కి బొమ్మను దించుతుంటివి. "ఇగ మన పని అయింది బిడ్డా" అంటుంటివి. ఈ బిల్డింగుకు ఆ రోజుదాకా నువ్వు లేవు. వేరేటోళ్లెవరో దించిన్రు. ఇప్పుడు అన్ని అంతస్తులల్ల మనుషులున్నరు.

నా పటంల మాత్రం నువ్వొచ్చి దించేదాకా ఉంటది.

మేడమ్ ఫోన్ చేస్తున్నది. పోవాలె.