మూడోసారికి తలుపు బయట

జూన్ 16, సోమవారం

రాఘవయ్య సార్ రిటైర్ అయ్యారు. హిస్టరీకి కొత్త మేడం వచ్చింది. పేరు ఉష. సొంతూరు సిరిసిల్ల అట, ఎస్.ఆర్. నగర్‌లో లేడీస్ హాస్టల్‌లో ఉంటుందట. మేము అడక్కుండానే అన్నీ చెప్పేసింది. టీచర్లు అలా చెప్పుకోకూడదు.

సెవెన్త్ బి లీడర్‌ని నేను. ఫిఫ్త్ నుంచీ నేనే. సార్ క్లాసుకు వచ్చేదాకా చాక్‌పీస్ నా చేతిలో ఉండేది. మాట్లాడినవాళ్ళ పేరు బోర్డు మీద రాస్తాను. పక్కన ఒక ఇంటూ పెడితే ఒక దెబ్బ, రెండు పెడితే రెండు. నాకు పడనివాళ్ళు మాట్లాడకపోయినా మాట్లాడినట్టే. సార్ ఎప్పుడూ ఎదురు అడగలేదు.

ఈ మేడం వస్తూనే బోర్డు చూసి ఇవేం పేర్లు అని అడిగింది. చెప్పాను. డస్టర్ తీసుకుని మొత్తం తుడిచేసింది. హిస్టరీకి లీడర్ అవసరం లేదు, అందరం కలిసి రూల్స్ పెట్టుకుందాం అంది. ఎవరూ నా వైపు చూడలేదు. చూడకుండానే నవ్వుకున్నారు, నాకు తెలుసు.

జూన్ 17, మంగళవారం

చార్ట్ మీద స్కెచ్ పెన్‌తో రూల్స్ రాసి గోడకు అంటించింది. టైంకు రావాలి. క్లాసులో ఫోన్ ముట్టుకోవద్దు. ఎవరు ఏ జవాబు చెప్పినా నవ్వొద్దు. 'బుక్‌లో అట్లనే ఉంది' అంటే చాలదు, ఎందుకో చెప్పాలి. పనిష్మెంట్ మాత్రం లేదు.

నేను లేచాను. పనిష్మెంట్ లేకపోతే ఎవరు పట్టించుకుంటారు మేడం అన్నాను. అందరూ అవునన్నారు. సరే, కొట్టుడు మాత్రం వద్దు అంది మేడం. తప్పు చేసినప్పుడల్లా బోర్డు మూలకు పేరు. మూడోసారికి, తర్వాతి హిస్టరీ పీరియడ్ మొత్తం తలుపు బయట.

మళ్ళీ లేచాను. ఈ రూల్స్ మీకు కూడానా అని అడిగాను.

మేడం మస్తు ఖుష్ అయింది. మంచి క్వశ్చన్ అడిగినవు యశస్విని అంది. రూల్ పెట్టినోళ్ళకే రూల్ లేకుంటే అది క్లాసు కాదు, దర్బారు అయితది, నాకు సుత అదే రూల్ అని నా భుజం తట్టింది.

పిచ్చిది.

జూన్ 30

లంచ్‌లో నా దగ్గరికి ఎవరూ రావడం లేదు. ఇదివరకు చిప్స్ ప్యాకెట్లు వాటంతటవే నా బెంచీ మీదికి వచ్చేవి. ఇప్పుడు శ్రీనిత ఒక్కతే పక్కన కూర్చుంటోంది. అదీ హిస్టరీ బాగుంది అంటోంది.

జూలై 8, మంగళవారం

పొద్దుటి నుంచి వాన. మైత్రీవనం దగ్గర మోకాళ్ళ దాకా నీళ్ళు. ఫస్ట్ పీరియడ్ హిస్టరీ. మేడం చెప్పులు చేతిలో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ వచ్చింది. నేను చెయ్యెత్తి గడియారం చూపించాను.

నవ్వి, తన పేరు తనే బోర్డు మీద రాసుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

జూలై 15

కుతుబ్ షాహీలు గోల్కొండ వదిలి కొత్త సిటీ ఎందుకు కట్టుకున్నారు అని అడుగుతుందని తెలుసు. సాయికిరణ్‌కు జవాబు నేనే నేర్పాను. వాడు లేచి, గోల్కొండలో కిరాయి పెంచిండ్రు మేడం అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. మేడం కూడా నవ్వింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ.

వాడేమీ అనుకోలేదు, వాడూ నవ్వాడు. అయినా చెయ్యెత్తాను. రెండోసారి పేరు రాసేటప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

జూలై 22

ఆయా చంద్రమ్మ దగ్గర కూర్చుంటే అన్నీ తెలుస్తాయి. శుక్రవారం మా హిస్టరీ పీరియడ్ చూడ్డానికి ప్రిన్సిపాల్ సార్ వస్తారట. నచ్చితే ఉద్యోగం పర్మనెంట్, లేకపోతే పంపించేస్తారు. మేడంకు ఐదేళ్ళ పాప ఉందట. సిరిసిల్లలో అమ్మమ్మ దగ్గర వదిలేసి వచ్చింది. గీ నౌకరి పక్కా అయితెనే బిడ్డను తెచ్చుకుంటది, గీ బడిలనే ఏస్తది, పాపం రోజు ఫోన్ల ఏడుస్తదంట ఆ పొల్ల అని చంద్రమ్మ చెప్పింది.

శుక్రవారం.

జూలై 24, గురువారం

పాపకు జ్వరం తగ్గలేదని లంచ్‌లో మేడం చంద్రమ్మకు చెబుతుంటే విన్నాను. తర్వాత హిస్టరీ. బ్యాగులో ఫోన్ మోగింది. తీయలేదు. మళ్ళీ మోగింది. చాక్‌పీస్ పట్టుకునే బ్యాగు వైపు చూస్తూ నిలబడింది. ఇంకోసారి మోగేసరికి తీసి, అమ్మా మాత్ర ఏసినవా అని మాత్రం అడిగి పెట్టేసింది.

అందరూ చూశారు. అందరూ తలలు దించుకున్నారు. శ్రీనిత బెంచీ కింద నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని ఎత్తాను.

మేడం నా వైపు తిరిగింది. నీకు రేపటి సంగతి తెలుసా అని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. పేరు రాసుకుంది.

రేపు బయట నిలబడితే సార్ చూస్తారు. నిలబడకపోతే రూల్స్ అబద్ధమని అందరికీ తెలుస్తుంది. ఏదైనా నాకు మంచిదే. ఆకలి బాగా వేసింది, రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

జూలై 25, శుక్రవారం

నిజంగానే నిలబడింది. సాయికిరణ్ లేచి, ఇయ్యాల ఇడిశిపెట్టుండ్రి మేడం, సోమారం నిలబడుండ్రి అని బతిమాలాడు. వాడి వెనక సగం క్లాసు. మీకొక రూల్, నాకొక రూలా, చదువుకోండి అని బయటికి వెళ్ళి గోడకు ఆనుకోకుండా నిలబడింది. కొత్త చీర కట్టుకుంది. సార్ వస్తారని.

సార్ వచ్చారు. ఏంటమ్మా ఇది, క్లాసు వదిలేసి బయటేం చేస్తున్నారు అన్నారు. మేడం ఉన్నదున్నట్టు చెప్పింది. నా పేరు చెప్పలేదు. పిల్లల పనిష్మెంట్ టీచర్ తీసుకోవడమేంటి అని సార్ లోపలికి వచ్చి, ఈ రూల్ ఎవరు పెట్టారని అడిగారు. నేను లేచి మొత్తం చెప్పాను, వాన, నవ్వు, ఫోన్. చాలా క్లియర్‌గా చెప్పావన్నారు.

సాయంత్రం ఇంట్లో చెబితే మమ్మీ పంజాగుట్ట తీసుకెళ్ళి ఐస్‌క్రీం ఇప్పించింది. బటర్‌స్కాచ్.

జూలై 28

మేడం రాలేదు. హాస్టల్ ఖాళీ చేసి ఊరికి పోయింది అంది చంద్రమ్మ. నా మొహం చూడకుండా అంది.

జూలై 29

కొత్త టీచర్ దొరికేదాకా హిస్టరీ పీరియడ్ నన్నే చూసుకోమన్నారు సార్. చాక్‌పీస్ పట్టుకుని బోర్డు దగ్గర నిలబడ్డాను. ఒక్కరూ మాట్లాడలేదు.

శ్రీనిత లేచి చేతులు కట్టుకుంది. బాత్రూంకు పోవచ్చా మేడం అని అడిగింది. నవ్వుతోందేమో అని చూశాను. నవ్వడం లేదు.

కూర్చో అన్నాను.

కూర్చుంది.