ప్రార్థనలో ఉన్న బాబాయిని పొడవడమెలా?

శనివారం, రాత్రి

యువరాజు వేషం నాకే దక్కినదని ఇందుమూలముగా నాకు నేనే తెలియజేసుకుంటున్నాను!

నాటకంలో తన తండ్రిని చంపిన రాజు మోకరించి ప్రార్థిస్తుంటే, వెనక కత్తి ఎత్తిన యువరాజు ఎందుకు ఆగిపోతాడో నా బుర్రకు ఎక్కి చావలేదు. "నువ్వు తటపటాయించట్లేదురా, బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడ్డావు. ఇవాళ కూడా ఇంతే అయితే వేషం కిరణ్‌కి ఇచ్చేస్తా," అన్నారు డైరెక్టర్ మాస్టారు.

సాయంత్రం చర్చి ఆవరణలో, ఊరి జనం ముందు రిహార్సల్. రాజు మా ప్రసాద్ బాబాయి. మోకరించగానే అలవాటు కొద్దీ డైలాగు మరిచి అసలు ప్రార్థనలోకే వెళ్లిపోయాడు. "ప్రభువా, ఈ ఏడైనా మా మిరప తోటలకు బొబ్బర తెగులు రానియ్యకు తండ్రీ!"

ముసలమ్మలంతా కొంగులు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకున్నారు. ఆ తోటల్లో మాదీ ఉందాయె! ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండిపోయింది. నేనూ "ఆమేన్" అనేశాను.

"అదీ తటపటాయింపంటే!" అని మాస్టారు గంతేశారు.

"బాబాయ్, రేపు అద్దంకి నాటకాల పోటీలో కూడా ఇలాగే కానిస్తావా?"

"ఇంకా గట్టిగా చేస్తాలేరా. మీ నాన్న మోకాళ్ల నొప్పులు కూడా కలుపుతా."

అంతా బాగానే ఉంది. కానీ ఆఖరి రంగంలో ఈ మనిషిని నేను పొడవాలి...