చివరి బండి

తనాయ్ కొండ, ప్రార్థన మందిరం,
నవంబరు 24.

ప్రభువునందు ప్రియమైన కూతురు సిప్పోరాకు,

కొండలను వాటి చోట నిలబెట్టిన దేవుడు నిన్ను రెండు చక్రాల మీద నిలబెట్టి కాపాడును గాక. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. తుపానుకు మందిరం కప్పు మీది రేకులు మూడు ఎగిరిపోయాయి. రెండు దొరికాయి, మూడోదాన్ని పక్క లోయలో ఎవరో పందుల దొడ్డికి కప్పుకున్నారు. కప్పుకోనీ అన్నాను. అక్కడ నువ్వెలా ఉన్నావో రాయమని అడిగే ముఖం నాకు లేదు. లేకపోయినా అడుగుతున్నాను.

నాలుగేళ్ల తర్వాత నా చేతిరాత చూసి చింపేస్తావేమోనని సంగతి ముందే చెప్పేస్తాను. నువ్వు ఇంటికి రావాలి. స్కూటరు మీదే రావాలి. ఎందుకు అడుగుతున్నానో కింద రాస్తాను, ఓపిక పట్టి చదువు.

నేను మూడో తరగతి దాటని బొగ్గుల బట్టీ మనిషిని. అక్షరాలు కూడబలుక్కుంది బైబిలు మీదే. అందుకే కోపం వచ్చినా అందులోని మాటే నోటికొస్తుంది. ప్రతి ఆదివారం సరిగ్గా వాక్యం మొదలుపెట్టే వేళకు కింద మలుపులో మీ స్కూటర్ల గుంపు బండ్లు రయ్యిమని పోయేవి. ఇంజన్ల మోత అయ్యేదాకా వేలు ఎత్తి పట్టుకుని నిలబడేవాణ్ణి. యెహూ వెర్రివాడిలా రథం తోలాడని రాజుల గ్రంథంలో ఉంది చూడు, ఈ కొండ రోడ్డు మీద పోయేవాళ్లంతా వాడి మనవలేనని అరిచేవాణ్ణి. ఆ చివరి ఆదివారం నీ పేరు పెట్టి అరిచాను. ఇంటికొచ్చి స్కూటరా, ఈ ఇల్లా, ఏదో ఒకటి తేల్చుకో అన్నాను. నువ్వు హెల్మెట్ పెట్టుకుని గడప దాటావు.

ఇప్పుడు నీకు ఒక మనిషి సంగతి చెప్పాలి. నువ్వు వెళ్లాక మన సంఘంలో చేరిన పెద్దాయన ఒకడున్నాడు, పేరు మెల్చోర్. అరవై దాటినవాడు, ముక్కోపి. ముసలితనంలో స్కూటరు నేర్చుకున్నాడు. మొన్న తుపాను తర్వాత ఇన్ఫాంతా ఊరి వైపు రోడ్డు తెగి లారీలు పోవడం లేదని, మీ గుంపువాళ్లు బియ్యం, మందులు, దుప్పట్లు బండ్ల మీద కట్టుకుని పోతున్నారని తెలిసి, మన సంఘం పోగుచేసిన ఎండుచేపల మూట తీసుకుని ఆయనా బయలుదేరాడు. పెట్రోలు బంకు దగ్గర ముప్పై బండ్లు నిలబడి ఉన్నాయట. ఆయన గొంతు పోయిందని సైగ చేసి, ముఖానికి గుడ్డ చుట్టుకుని, నల్లద్దం హెల్మెట్ తీయకుండా జాబితాలో పేరు రాసి ఊరుకున్నాడు. నీకు గుర్తుండే ఉంటుంది, ఆ మూగ తాత.

ఆయన వచ్చి చెప్పినవి విని నాకు నిద్ర పట్టలేదమ్మా. ఆ ముప్పై మందీ ఒకరికొకరు చుట్టాలు కారు. ఒకడు తాపీపని, ఒకడు బ్యాంకులో కాపలా, ఒకామె పళ్ల డాక్టరు. అయినా ముందువాడు గుంత చూసి ఎడమకాలు చాపితే ఆ కాలు చివరిదాకా ముప్పై మంది చాపుతారట. దారిలో ఎవరో ముక్కూముఖం తెలియనివాడి బండి ఆగిపోయి ఉంటే అందరి ఇంజన్లూ ఆగుతాయట. వాడి బండి బాగయ్యాక పేరు కూడా అడగరట. ఎక్కడ ఆగినా చివరి బండి వచ్చి చేరేవరకు ఎవరూ నోట్లో మెతుకు పెట్టరట. అరటాకులు పరిచి అన్నం, చేపలు గుమ్మరించాక కూడా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతారట. నా సంఘంలో ఆమెన్ అనకముందే పళ్లెం దగ్గరికి పరుగెత్తే పరిశుద్ధులు నాకు బాగా తెలుసు. కొరింథువారిని పౌలు చీవాట్లు పెట్టింది ఇందుకే. ఒకరి కోసం ఒకరు ఆగి తినండిరా అని ఇరవై ఏళ్లు మొత్తుకున్నాను. నేర్చుకున్నది నా వాళ్లు కాదు, నేను తిట్టినవాళ్లు.

చివరి బండి నీదని మెల్చోర్ చెప్పాడు. చివరి బండి తోలేవాళ్లకు ఒక ఆకుపచ్చ కోటు ఇస్తారని, అది వేసుకున్నవాళ్లు దారి పొడుగునా ఎవరినీ దాటరాదని, అందరికన్నా నెమ్మదైనవాడి వేగమే వాళ్ల వేగమని చెప్పాడు. నువ్వు ఆ పని అడిగి మరీ తీసుకుంటావట. అమాలేకీయులు ఇశ్రాయేలు మీద పడింది ముందు నుంచి కాదు, అలసిపోయి వెనకబడినవాళ్ల మీద పడ్డారు. అందుకే దేవుడు తన జనానికి ముందూ నడుస్తాడు, వెనకా కావలి కాస్తాడని యెషయా చెప్పాడు. ముందు నడిచే దేవుణ్ణి గురించి నేను వెయ్యి సార్లు చెప్పాను. వెనక కాచే దేవుణ్ణి గురించి ఒక్కసారీ చెప్పలేదు.

ఇక తప్పు సంగతి. వాన, పొగమంచు. మెల్చోర్ వెనక ఒంద్యోంగ్ అనే చేపలమ్ముకునే ఆయన, ఆయన భార్య సెలింగ్ ఒకే బండి మీద. వాళ్ల వెనక నువ్వు. దారి చీలిన చోట తిన్నగా పోతే తుపానుకు తెగిపోయిన రోడ్డు, ఎడమకు తిరిగితే కొండ మీది చుట్టుదారి. మీ పద్ధతి ఏమిటంటే, చీలిక దగ్గర తిరిగినవాడు వెనకవాడి దీపం అద్దంలో కనపడేదాకా అక్కడే ఆగాలి. బయలుదేరేముందు మీ నాయకుడు మాగ్నో ఈ మాట మూడుసార్లు చెప్పాడు. మెల్చోర్ తలాడించాడు కూడా. కానీ ముందున్న ఎర్రదీపం మంచులో మాయమైపోతోందన్న కంగారులో అద్దం వైపు చూడనే లేదు. తిరిగాడు, పోయాడు.

వెనక వచ్చిన ఒంద్యోంగ్‌కు చీలిక దగ్గర ఎవరూ కనపడలేదు. ఆగమని చెప్పేవాడు లేకపోతే దారి తిన్నగానే అనుకున్నాడు. ఆ తర్వాత నువ్వు వచ్చావు. బురదలో అన్ని చక్రాల గుర్తులూ ఎడమకు పోయి, ఒక్కటి మాత్రం తిన్నగా పోవడం చూశావు. గుంపంతా ఎడమకు పోతే నువ్వు ఆ ఒక్కదాని వెనక పోయావు, హారన్ మీద వేలు తీయకుండా. ఆ మోత విని ఒంద్యోంగ్ బ్రేకు వేశాడట. రోడ్డు అంచు ఆయన ముందు చక్రానికి నాలుగు బారల దూరంలో ఉంది.

చుట్టుదారిలో మాగ్నో అద్దంలో దీపాలు తక్కువయ్యాయని చూసి అందరినీ ఆపాడు. మీరు ముగ్గురూ వచ్చేదాకా వానలో నిలబడ్డారు. మెల్చోర్‌కు అప్పటికి తప్పు తెలిసింది. బండిని స్టాండు మీద నిలబెట్టలేకపోతే పళ్ల డాక్టరు పట్టుకుంది. మాగ్నో ముఖం ఎర్రబడింది, ఈ ముసలాయన్ని ఇక్కడి నుంచే వెనక్కి పంపేద్దాం, రేపు ఇంకెవరి ప్రాణమో పోతుంది అన్నాడు. నేనైనా అదే అనేవాణ్ణి. అన్నాను కూడా, నీ విషయంలో.

ఒంద్యోంగ్ మాత్రం ముఖం మీది వాన తుడుచుకుని అన్నాడట, “తాతా, నన్ను పరలోకానికి పంపే ఉద్దేశం ఉంటే పొద్దున్నే చెప్పొచ్చు కదా. మంచి చొక్కా వేసుకొచ్చేవాణ్ణి.”

“నీకు పరలోకమా?” అంది సెలింగ్. “ఆ దారి కూడా తప్పుతావు, పద.”

అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదట. మాగ్నోను పక్కకు జరగమని చెప్పి, ముసలాయన ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆయన బండి అద్దం తిప్పి సరిచేశావు. “తాతా, ముందువాడి దీపం పట్టుకుని పోవడం ఎవరైనా చేస్తారు. నీ వెనకవాడు నీవాడు. వాడు కనపడకపోతే నువ్వు దారి తప్పినట్టే. ఇప్పట్నుంచి నా ముందు నడుపు. నీకు నేనున్నాను.”

ఇంత ఓపిక ఎవరు నేర్పారే నీకు అని సెలింగ్ అడిగింది. మా నాన్న అన్నావట. ఆయన బోధకుడు, తప్పిపోయిన గొర్రె గురించి ఆయన చెబుతుంటే రాళ్లు కూడా ఏడుస్తాయి, ఆయన చెప్పిందే నేను చేస్తున్నా అన్నావట. మరి అంత మంచి నాన్న దగ్గరికి పోవేం అంది సెలింగ్. అప్పుడు నువ్వు చెప్పిన మాట మెల్చోర్ నాకు అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

“ఆయన చాలా ముందు పోతుంటాడు అక్కా, అద్దం చూసుకోడు. నేను చివరి బండిని. ఎక్కడైనా ఆగితే చేరుకుంటాను.”

సిప్పోరా, బైబిలు మొత్తం మూడుసార్లు చేత్తో రాసుకున్నవాణ్ణి. తొంభై తొమ్మిది గొర్రెలను వదిలి ఒక్కదాని కోసం పోయిన కాపరి కథ నాకు కళ్లు మూసుకున్నా వస్తుంది. ఆ కాపరి ఆకుపచ్చ కోటు వేసుకుని, వానలో, తెగిన రోడ్డు వైపు స్కూటరు మీద పోతాడని నాకు తెలియదు. యెహూ మనవలని నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిన్న ఆదివారం వేదిక మీద నిలబడి, నీ పేరు పెట్టి తిట్టిన చోటే నీ పేరు పెట్టి చెప్పాను. నా కూతురు వాక్యాన్ని నాకన్నా బాగా చదువుకుందని చెప్పాను. కింద మలుపులో బండ్లు పోతుంటే ఆగి, అందరి చేతా చెయ్యి ఊపించాను. మీ అమ్మ అందరికన్నా పైకి ఎత్తింది.

మీ గుంపు మొత్తానికి మా ఇంట భోజనం. అరటాకులు నేను కోస్తాను. రా తల్లీ.

ప్రభువునందు నీ నాన్న,
గౌదెన్సియో

తా.క. ఉత్తరం అంటించబోతుంటే మీ అమ్మ లాక్కుని చదివింది. అబద్ధంతో ఇంటికి పిలిస్తే అది పిలుపు కాదు, వల అంది. కాబట్టి విను. మెల్చోర్ అనే మనిషి మన సంఘంలో లేడు. ఎక్కడా లేడు. ఆదివారం ప్రయాణాలకు మీ గుంపు పెట్రోలు బంకు గోడకు అంటించే చీటీలో చివరి బండి ఎప్పుడూ నీదేనని చూసి, దూరం నుంచైనా నిన్ను ఒకసారి చూసుకోవాలని, మూడు నెలలు మందిరం వెనక పడుతూ లేస్తూ స్కూటరు నేర్చుకుంది నేను. వెనక పట్టుకుని పరుగెత్తింది మీ అమ్మ. ఒంద్యోంగ్ దంపతులను అంచుదాకా పంపింది నేను. నువ్వు మోకాళ్ల మీద కూర్చుని అద్దం సరిచేసింది నాకు. ఆ నల్లద్దం వెనక ఎంత ఏడ్చానంటే నాకే దారి కనపడలేదు. భోజనాల దగ్గర హెల్మెట్ తీయాల్సి వస్తుందని తినకుండా తిరిగొచ్చేశాను. నా కోసం మీరంతా ఎంతసేపు చేతులు కట్టుకుని నిలబడ్డారో తెలియదు. వచ్చే ఆదివారం పొద్దున మీరు బయలుదేరే పెట్రోలు బంకు దగ్గర నిలబడి ఉంటాను, తలకు ఏమీ లేకుండా. ఒంద్యోంగ్‌కు, సెలింగ్‌కు నేను ఎవరో చెప్పి క్షమాపణ అడగాలి. ఆ తర్వాత నీ వంతు. నన్ను చూసి కూడా ఆగకుండా పోయే హక్కు నీకు ఉంది.